కొండ సిపాయి ఎరుపు

ధర్మవరం,
11 ఫిబ్రవరి 2025.

చిరంజీవి అరుణజ్యోతికి,

ఆదెన్న చిన్నాయన నిండు మనసుతో దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మీ చిన్నమ్మ ఆంజినమ్మా, మా రంగు కాగులూ అందరం కులాసా. అక్కడ బెంగళూరులో నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతాను. నమ్మక చేసేదేముంది.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. గుమ్మఘట్ట అవతలి కొండ మీద నువ్వు పట్టిన సిపాయి పురుగు ఇంతవరకూ ఎవరూ రాయని కొత్త జాతి అని, దాని వర్ణన రాసి సైన్సు పత్రిక వాళ్లకు పంపావని తెలిసి ఎంతో సంతోషపడ్డాం. వాళ్లు పెట్టిన పేచీ కూడా అర్థమైంది. చచ్చి ఎండిపోయాక ఇదీ, పాత జాతీ రెండూ ఒకే గోధుమ రంగు. బతికున్నప్పటి ఎరుపే తేడా. ఫోటో చూపిస్తే ఒక్కో ఫోనులో ఒక్కో ఎరుపు. అందుకే ఆ ఎరుపుకు గుర్తుగా నేను రంగు వేసిన చిలపను, ఆ పట్టు దారపు కట్టను, పురుగు పక్కన పెట్టావు. ఆ రంగు సరిచూసింది ఎవరు, ఆయన కన్నును నమ్మొచ్చా అని వాళ్లు అడుగుతున్నారు. నలభై ఏళ్లు పట్టుకు రంగులేసిన మనిషి అని నువ్వు రాశావు. ఇక నేను సంతకం పెట్టి పంపాలి. లేకపోతే మళ్లీ వానలు పడి పురుగు కనబడేదాకా ఆగాలి. మన సీమలో వానను నమ్ముకుని ఎవడు కూర్చుంటాడు? ఇన్నేళ్ల నీ కష్టం ఒక ముసలోడి సంతకం దగ్గర ఆగింది.

పైగా ఆ పురుగుకు నా పేరే పెడతానంటావా. నీకు చిన్నప్పటి నుంచీ కొంచెం తిక్క. చిలపలు తీసుకుపోవడానికి మా ఇంటికొచ్చి, రంగు తొట్టిలో చేతులు పెట్టి, నీలం చేతులతో బడికి పోయినదానివి కదా.

ఈ సంగతి మా ఇంటి గోడ దాటకుండా ఉంటుందా. మాకు పట్టు ఇచ్చే షావుకారు ఎర్రిస్వామి స్కూటరు దిగీ దిగకముందే, ఏమప్పా ఆదెన్నా, నీ పేరు మీద పురుగు వస్తాండాదంట గదా, ఆ కాగితం ఈడికి రానీ, అద్దం కట్టించి అంగట్లో పెడతా అన్నాడు. ధర్మవరంలో ఇట్లాంటి కన్ను ఇంకెవరికుండాది అని నలుగురి ముందు అన్నాడు. వచ్చే ముహూర్తాల పట్టంతా నాకే ఇస్తానన్నాడు. నేను తల వంచుకుని కాగు కింద మంట ఎగదోశాను.

ఆ రోజు గుర్తుందా నీకు? పోయిన జూన్‌లో, పెద్ద వాన వెలిసిన తెల్లారి. మబ్బు కొండ దిగొచ్చి మన మోకాళ్ల దగ్గర తిరుగుతోంది. గొర్రెలు ఎక్కడున్నాయో తెలియదు, వాటి గంటలు మాత్రం వినిపిస్తున్నాయి. రాళ్ల మధ్య తడిసిన గడ్డి వాసన. మబ్బులోంచి ఎవరో కన్నడంలో పిలిస్తే ఇంకెవరో తెలుగులో బదులు పలికారు. మనం నడుస్తున్నామో, కొండే మన కింద మెల్లగా కదులుతోందో తెలియలేదు. అప్పుడు నువ్వు పువ్వు మీంచి పురుగును తీసి నా అరచేతిలో వదిలావు. రెక్క గట్టిగా ఉంటుందనుకున్నాను. ఇది జిగురు తీసిన పట్టులా మెత్తగా ఉంది. వేలి మీదికి ఎక్కింది, ఆగింది, మళ్లీ నడిచింది. మీ చిన్నమ్మ నా భుజం మీదుగా వంగి, ఇది మిరపపండు ఎరుపు కాదు, కుంకుమా కాదు, ఎర్రమన్ను మీద తొలి చినుకు పడితే లేస్తాదే ఆ రంగు, ఆరకముందే చూడాల అంది. నేను ఊఁ అన్నాను.

ఇప్పటికీ ఆ కొండ కలలోకి వస్తుంది. కలలో మబ్బంతా ఆరేసిన చిలపలే. ఒక్కోదాన్నీ పక్కకు జరుపుతూ వాటి మధ్య నడుస్తుంటాను. చిట్టచివర ఆ ఎరుపు ఉంటుంది. చెయ్యి చాచేలోపు మెలకువ వస్తుంది. లేచి కూర్చుంటే ఏడుపొస్తుంది. ఈ వయసులో పురుగు కోసం ఏడ్చే మనిషిని ఎక్కడైనా చూశావా.

సరే, అడిగినదానికి జవాబు. నువ్వు సీసాలో ఇచ్చిన పురుగు బతికుండగానే చిలపను కాగులో ముంచాం. మొదటి మునకకు రంగు లేతగా వచ్చింది. రెండోదానికి దగ్గరికొచ్చింది. మూడోదానికి సరిపోయింది. పగటి వెలుతురులో, వాకిట్లో, పురుగు పక్కన పెట్టి సరిచూశాకే నీకు ఇచ్చాం. పత్రిక వాళ్లకు ఇదే చూపించు. కింద సంతకం పెడుతున్నాను.

ఒళ్లు జాగ్రత్త.

ఇట్లు,
నీ మేలు కోరే చిన్నాయన
ఆదెన్న

తా.క. పైన ఉన్నదంతా నేను చెబుతుంటే మీ చిన్నమ్మ రాసింది. ఇప్పుడు ఆమె కొళాయి దగ్గరికి పోయింది. ఇది నేనే రాస్తున్నాను. వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఓపిగ్గా విడదీసుకో. నా కళ్లకు రంగు తెలియక మూడేళ్లయింది తల్లీ. కంటి నరం ఎండిపోయింది, ఇక రాదని డాక్టరు చెప్పాడు. మనుషుల రూపు తెలుస్తుంది, ఎరుపుకూ బూడిదకూ తేడా తెలియదు. ఆ రోజు నా చేతిలో నడిచింది నాకు బూడిద చుక్క. మూడేళ్లుగా కాగు దగ్గర నిలబడి ఇంకోసారి ముంచు, ఇంక చాలు తియ్యి అని చెప్పేది ఆమె. పేరు నాది. ఈ మాట రాయమంటే పెన్ను పక్కన పడేసి, ఎర్రిస్వామికి తెలిస్తే మనకు పట్టిస్తాడా, గమ్మునుండు అంది. భయం నాకూ ఉంది. కానీ నీ కాగితంలో అబద్ధం పడితే అది ఎన్నేళ్లయినా అట్లాగే ఉంటుంది కదా. రంగు తప్పు కాదు, చూసిన మనిషి పేరే తప్పు. నా పేరు కొట్టేసి ఆంజినమ్మ అని రాయి. సంతకానికి ఆమె దగ్గరికే రా. ఎర్రిస్వామికి నేనే చెబుతాను. అచ్చయ్యాక ఆ కాగితం మాత్రం నా పేరుకే పంపు. నాకు చదివి వినిపించేది ఎట్లాగూ ఆమే.