కదలని చుక్క

నవంబర్ 9
టెలిస్కోప్‌ని నిలబెట్టే మౌంట్ డబ్బా ఇవాళ మేడ మీదకి చేర్చాను. ఒక్కదాన్నే. కౌంటర్ వెయిట్లు ఒక్కొక్కటీ నా ఇస్త్రీపెట్టె కన్నా బరువు. అన్నయ్య దీన్ని కొన్న నెలకే చేతులు పడిపోయాయి, సీలు కూడా విప్పలేదు. ఇప్పుడు కింద గదిలో మంచం మీంచే, నువ్వు బిగించు, నేను చెబుతా అంటాడు. నాకు తెలిసింది కుట్టుమిషన్ ఒక్కటే అన్నాను. ఎక్కడైనా స్క్రూ స్క్రూయే కదే సూదిపుల్లా అన్నాడు.
తర్వాత మాట కూడా పోతుందని డాక్టర్ చెప్పాడు. అన్నయ్యకి, వదినకి, నాకు, ముగ్గురికీ తెలుసు. ఎవరం ఆ సంగతి ఎత్తం.

నవంబర్ 10, సాయంత్రం 7
నాకు అర్థమైనంతవరకు: భూమి తిరుగుతుంది కాబట్టి టెలిస్కోప్‌లో చుక్క జారిపోతుంది. మౌంట్ ఇరుసుని ధ్రువ నక్షత్రానికి గురిపెడితే మోటార్ దాన్ని భూమికి ఎదురు తిప్పుతుంది. అప్పుడు చుక్క నిలబడుతుంది. అన్నయ్య ఇరవై ఏళ్లు గొట్టాన్ని చేత్తో తోసుకుంటూ చూశాడు. ఒక్కసారి నిలబడ్డ చుక్కని చూడాలట. అంతేనట.
ఉత్తరాన పక్కింటివాళ్లు కొత్తగా లిఫ్ట్ గది కట్టారు. ధ్రువ నక్షత్రం దాని వెనకాల.

నవంబర్ 14
ఇంకో దారి ఉందన్నాడు. దక్షిణాన ఒక చుక్కని, కన్ను ఆనించే ఐపీస్ మధ్య తీగల మీద పెట్టి, అది పైకి జారుతుందో కిందికి జారుతుందో చూడాలి. దాన్నిబట్టి ఇరుసు ఎటు తప్పిందో తెలుస్తుంది. వదిన అతని నోటి దగ్గర ఫోన్ పట్టుకుంటుంది. నేను మేడ మీంచి, పైకి జారింది అంటే అతను కుడి స్క్రూ అంటాడు.

నవంబర్ 28
రెండు వారాలు తప్పుగా తిప్పాను. ఐపీస్‌లో బొమ్మ తలకిందులట! ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదా అని అరిచాను. నవ్వాడు. నవ్వితే పొలమారింది. వదిన నన్ను ఒక చూపు చూసింది.

డిసెంబర్ 19
వారమంతా మబ్బు. కుడి, ఎడమ రెండూ అతని నోట్లో ఒకేలా వస్తున్నాయి. వదిన విని నాకు చెబుతోంది. ఆవిడ కూడా ఊహించే చెబుతోందని నా అనుమానం.

జనవరి 6
ఇవాళ మాట రాలేదు.

జనవరి 23
వదిన అట్ట మీద అక్షరాలు రాసింది. వేలు పెట్టి వెళ్తుంటే కావలసిన చోట రెప్ప కొడతాడు. స్క్రూ పావు చుట్టు తిప్పమనడానికి, పావు అనే రెండక్షరాలకి పది నిమిషాలు. ఈలోగా చుక్క లేనే లేదు. ఇక అడగదలచుకోలేదు. కుట్టుమిషన్‌లో బాబిన్ దారం బిగువు సరిచేసినట్టు వెంట్రుకవాసి తిప్పి, ఆగి, చూసి, మళ్లీ తిప్పుతున్నాను.

ఫిబ్రవరి 2
టెలిస్కోప్ మీద కప్పిన దుప్పటి తీస్తుంటే కాలు ట్రైపాడ్‌కి తగిలి ఇరుసు పక్కకి పోయింది. మూడు నెలల పని. పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాను. కింద వదిన అతనికి కఫం తీస్తున్న చప్పుడు. లేచి మళ్లీ మొదటినుంచి మొదలెట్టాను. ఎందుకో నాకే తెలీదు.

ఫిబ్రవరి 11, 7.40
నిలబడింది. ఇరవై రెండు నిమిషాలు.

ఫిబ్రవరి 12
కెమెరా తగిలించి, కేబుల్ కిటికీలోంచి దింపి, ల్యాప్‌టాప్ అతని ఎదురుగా పెట్టాను. చుక్క. నడిమధ్యలో. కదలదు, మెదలదు. చూశావా అన్నయ్యా అన్నాను. చాలాసేపు చూశాడు. అట్ట తెమ్మన్నట్టు కళ్లు తిప్పాడు. ఫొ. టో.
ఫొటో కాదు, ఇది ఇప్పుడు, ఈ నిమిషం, పైన ఉంది అన్నాను. ఒట్టు వేశాను. కళ్లు మూసుకున్నాడు. మోసం చేశానని అనుకున్నాడు.
పరిగెత్తాను. రెండంతస్తులు. మోటార్ ఆపేశాను. కదిలితేనేగా నమ్ముతాడు.
కిందకి వచ్చేసరికి స్క్రీన్ నల్లగా ఉంది. చుక్క జారి వెళ్లిపోయిందట. అన్నయ్య కళ్లు మూసే ఉన్నాయి. జారుతున్నప్పుడు తెరిచాడా అని వదినని అడిగాను. తను అతన్ని చూడలేదంది. తనూ స్క్రీన్‌నే చూస్తోందట.

ఫిబ్రవరి 15
నిన్న రాత్రి ఊపిరి అందలేదు. ఆసుపత్రి. తెల్లవారుజామున పోయాడు.

మార్చి 1
వదిన ఇవాళ తనంతట తనే, చుక్క జారేటప్పుడు కళ్లు తెరిచే ఉన్నాడు, నాకు బాగా గుర్తు అంది.
అవునా వదినా అన్నాను.