సెలవులోనూ మోగిన ఈల

అక్కా,

అందరం క్షేమం. బావ రాయలేదని బెంగపడకు, తడిసిన బూట్లు ఆరబెట్టుకుంటున్నాడు. మా బస్సు డిపో వాళ్లం సముద్రం ఒడ్డున నడక మొదలుపెట్టిన రోజు నుంచీ ముసురే. నిన్న కొండ అంచున బావ తల వంచుకుని ముందు నడుస్తుంటే, ఎదుట దారి కోసుకుపోయి కనిపించింది. అరిచాను, అలల హోరులో వినపడలేదు. "సెలవులో కూడా ఎందుకురా?" అని నువ్వు వెక్కిరించిన నా కండక్టరు ఈల ఒక్కసారి ఊదాను. డ్రైవరు కదా, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. చెయ్యి పట్టుకుని లాగినా, కదలమని రెండు ఈలలు వేసేదాకా కదిలితే ఒట్టు!

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పెరటి తలుపు గడియ బాగు చేయించు. బావ గొడుగు గాలికి పోయింది, ఇంకోటి కొని ఉంచు. పిల్లలకు ముద్దులు.

బావ నీ మాట వినడంటావుగా, వచ్చాక ఈ ఈల నీకే ఇచ్చేస్తాను.

తమ్ముడు