శెట్టి చేతి బోణీ

బళ్లారి, 1958
శ్రావణ సోమవారం

పొద్దున అంగడి తీయగానే మా ఓనరు తిప్పన్న శెట్టి వచ్చాడు. ఆయన చేతి బోణీ మంచిదని, ఆయన ఆకువక్క కొనేదాకా నేను ఇంకెవరికీ అమ్మను. మా నాయన కూడా అంతే. శెట్టి ఇచ్చిన చిల్లర కళ్లకద్దుకున్నాను. ఆకులు సంచిలో వేసుకుని, నా ముఖం చూడకుండా అన్నాడు.

"దసరాలోపల అంగడి ఖాళీ చెయ్యప్పా. మా అల్లుడు ఈడ సైకిల్ షాపు పెడ్తానంటాండాడు."

"ఇన్నేళ్లుండి ఇప్పుడు యాడికి పోవల్ల శెట్రే?"

సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. వేరే వీధిలో చోటు దొరికినా, అక్కడ బోణీకి ఎవరొస్తారో...

నేను దిగులుగా కూర్చున్నా గిరాకీ మాత్రం ఆగలేదు. సాయంత్రానికి బుట్టలో ఒక్క ఆకు మిగల్లేదు. ఆయన చేయి ఈరోజు కూడా మంచిదే.