ఇంగ్లీషు మానేసిన వారం

సోమవారం, ఉదయం 7
నిన్న ఫోన్లో అమ్మమ్మ అంది: "నీ మాటల్లో సగం నాకు ఎక్కట్లేదే." మనసు చివుక్కుమంది. ఇవాళ్టి నుంచి ఆదివారం దాకా ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడను! హాస్టల్ గదిలో నాతో ఉండే పొడుగు (ఊరికే అనలేదు, గుమ్మం తలకి తగులుతుంది) నాకు కాపలా. మాట జారితే గోడ మీద గీత.

సాయంత్రం 6: గీతలు సున్నా!! (రోజంతా నోరు విప్పలేదు.)

మంగళవారం
ఆచార్యులవారి కాలు తొక్కాను. "సారీ" గొంతుదాకా వచ్చింది. మింగేసి, "నన్ను క్షమించండి" అన్నాను. ఆయన కంగారుపడి కుర్చీ లాగారు. "ఏం చేశావమ్మా? కూర్చో. ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

బుధవారం, 11:40
నేనూ పొడుగూ లోపల ఉండగా లిఫ్టు ఆగింది. గంట నొక్కి, "అయ్యా, ఎత్తుడుపెట్టెలో ఇరుక్కున్నాం" అన్నాను. "పెట్టెలైతే పార్సిల్ కౌంటర్లో అడగండి," అన్నాడు బయటినుంచి కాపలాదారు. నాలుగుసార్లు!

12:25: పొడుగు నా నోరు మూసి "లిఫ్ట్!" అని అరిచింది. నిమిషంలో తలుపు తెరుచుకుంది. ఆ గీత దాని పేరున వేశాను. అప్పట్నుంచి మా మధ్య మాటలు లేవు.

గురువారం
సవరణలు:
బస్సు, పెన్ను, ఫోను తెలుగే.
ల్యాబులో నా జత అమ్మాయికి తెలుగు రాదు. ఆమెతో మాట్లాడింది లెక్కలోకి రాదు. (సైగలతో చెప్పబోతే ఆమ్లం ఒలికింది.)
జోకులూ లెక్కలోకి రావు. మొదటి సగం తెలుగులోనే చెప్తాను, నవ్వొచ్చే సగమే ఇంగ్లీషు.
గీతలు 63.

శనివారం, సాయంత్రం 5
"అమ్మమ్మా, కుశలమా? నా విద్యాభ్యాసం సవ్యంగా సాగుతోంది."
"ఎవరమ్మా మీరు?" పెట్టేసింది.

5:20: వార్డెన్ తలుపు బాదింది. "మీ అమ్మమ్మగారు ఏడుస్తున్నారు. నీ ఫోను ఎవరో కొట్టేశారట. దొంగ చాలా మర్యాదస్తురాలట." తన ఫోను నా చెవికి ఆనించింది.
"అయ్యో అమ్మమ్మా, రిలాక్స్! నేనే! జస్ట్ ట్రై చేశానంతే, ప్రామిస్!"
"హమ్మయ్య, నువ్వే." ముక్కు చీదింది. "అర్థం కాకపోతే అడుగుతాలేవే. ఆగి చెప్పు, చాలు. అలా పరాయిదానిలా మాట్లాడకు."

ఆదివారం
గోడ తుడిచాం. పొడుగు మాట్లాడింది. తిట్లే అనుకోండి.

సోమవారం, ఉదయం 7
మళ్ళీ మొదలు! ఈసారి ఒకటే నియమం: అమ్మమ్మ "అంటే?" అన్నప్పుడల్లా ఆగి చెప్పాలి.

7:30: పదకొండుసార్లు ఆగాను. చివర్లో అమ్మమ్మ, "ఏతావాతా నువ్వు బాగున్నావు, అంతే కదా?" అంది.
"ఏతావాతా అంటే?" అన్నాను.
అవతల ఒకటే నవ్వు. ఆ తర్వాత, పాపం, ఆగి చెప్పింది.