నిశాంత్ యాత్రకు రాడు

విండ్సర్,
12 ఏప్రిల్ 2025, శనివారం.

ఈరోజు పనులు: రెండు విడతల బట్టలు ఉతికి మడతపెట్టాను. కందిపొడి కొట్టాను. గరాజ్ ఊడ్చాను. మీ తమ్ముడి షిఫ్ట్‌కి క్యారేజీ సర్దాను. మిగిలింది ఈ ఉత్తరం.

పూజ్యులు బావగారికి, అక్కయ్యకి సరోజ నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. కిచెనర్‌లో మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేయవచ్చు. కానీ ఫోన్‌లో మీరు మాట్లాడతారు, మేము అలాగే బావగారూ అంటాం. అందుకే రాస్తున్నాను.

నిశాంత్ సెప్టెంబరులో మీరు కుర్రాళ్లను పుణ్యక్షేత్రాలకు తీసుకెళ్లే యువయాత్రకు ఇండియా రాడు. యూనివర్సిటీలో చేరతాడు. టికెట్ తీసుకోకండి.

ఉగాది భోజనాల దగ్గర వాడే ఒప్పుకున్నాడు కదా అంటారు. నిజమే. అంతమంది ముందు మీరు మీ తమ్ముడి వైపు చూస్తూ, "కెనడాలో దిగినప్పుడు మీకు ఉండటానికి నా ఇంటి బేస్‌మెంట్ ఇచ్చాను. ఒక్క టర్మ్ మానిపించి పిల్లాణ్ణి పంపలేవట్రా?" అన్నారు. ఆయన తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నారు. అప్పుడు నిశాంత్ లేచి, "ఓకే పెదనాన్నా, ఐ విల్ గో," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పదిహేడేళ్లకే ఎంత భక్తో అని మీ కళ్లు చెమర్చాయి.

మొన్న వాడు హిస్టరీ క్లాసుకి రాసిన వ్యాసం నాకు చదివి వినిపించాడు. వందల ఏళ్ల కిందట యూరప్ కుర్రాళ్లు క్రూసేడ్లకు, అంటే జెరూసలెం కోసం జరిగిన మతయుద్ధాలకు, ఎందుకు వెళ్లారన్నది విషయం. పాపాలు పోతాయని కొందరు, ఆస్తిలో వాటా రాని చిన్నకొడుకులు కొందరు, స్నేహితులు వెళుతున్నారని కొందరు, ఊరి పొలిమేర అవతల ఏముందో చూద్దామని కొందరు. రమ్మని పిలిచిన పెద్దల పిల్లలు కూడా వెళ్లారా అని అడిగాను. వాడు నవ్వి, వెతికి చూస్తానన్నాడు. మీ అబ్బాయి తారక్ ఈ యాత్రకు వెళుతున్నాడా బావగారూ? వాడికి ఇంటర్న్‌షిప్ ఉందని అక్కయ్య చెప్పింది.

నాకు భక్తి లేదనకండి. దీపం పెట్టకుండా కాఫీ తాగను. పెద్దవాడయ్యాక తనంతట తాను వెళతానంటే దారికి పులిహోర నేనే కట్టిస్తాను.

మీకు కోపం వస్తుంది. రానివ్వండి. మీ తమ్ముణ్ణి మాత్రం ఏమీ అనకండి, ఈ నిర్ణయం నాది. పిల్లాడి పాస్‌పోర్టు నా బీరువాలో ఉంది, అక్కడే ఉంటుంది.

ఇట్లు,
మీ మరదలు
సరోజ

తా.క. అసలు సంగతి రాయకుండా కవరు అంటించలేకపోయాను. వాడి వ్యాసంలో చివరన ఇంకో కారణం ఉంది. యుద్ధానికి వెళ్లినవాడు తిరిగి వచ్చేదాకా అప్పులవాళ్లు వడ్డీ అడగకూడదట. అది చదివి వాడు కాగితం పక్కన పెట్టాడు. నువ్వయితే దేనికి వెళ్తావురా అన్నాను.

"దీనికే అమ్మా. నేను వెళ్తే పెదనాన్న ఇంక నాన్నని అలా అడగరు కదా," అన్నాడు. తెలుగులోనే అన్నాడు.

బావగారూ, మీ బేస్‌మెంట్‌లో ఉన్న ఆ ఏడాదంతా మీ ఇంటిల్లిపాదికీ రెండు పూటలా నేనే వండాను. అయినవాళ్ల మధ్య లెక్కలెందుకని ఎప్పుడూ రాసుకోలేదు. ఈరోజు రాశాను. బేస్‌మెంట్ బాకీ చెల్లు.