హెలెన్ పలకని మాట

పర్చూరు దగ్గర,
ఫిబ్రవరి 4

ప్రియమైన అమ్మకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, బాగానే ఉన్నాను. ఫోనులో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఏంటీ?" అనడం, చివరికి ఇద్దరం విసుక్కుని పెట్టేయడం కన్నా ఇదే నయం. మరమగ్గాల షెడ్డు నీ చెవులు తీసుకుంది గానీ కళ్ళు మిగిల్చింది కదా.

ఇక్కడ మిరపకోతలు మొదలయ్యాయి. ఊళ్ళో అందరికీ తుమ్ములే. నాకు ఒకటో తరగతి ఇచ్చారు. గోడకి పెద్ద స్మార్ట్ టీవీ, మూల బల్ల మీద నాలుగు ట్యాబులు ఉన్నాయి. ట్యాబులో ఒక బొమ్మ వస్తుంది. చిలుక దాని పేరు చెబుతుంది. పిల్లలు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ మాట పలకాలి. సరిగ్గా పలికితే చిలుక గంతులేస్తుంది, లేదంటే "మళ్ళీ చెప్పు" అంటుంది. పిల్లల గొంతులు అందులోనే నిలవుంటాయి. బడి వదిలాక నేను విని, ఎవరికి ఏ అక్షరం నోరు తిరగడం లేదో చూసుకుంటాను.

కోతలకు వలస వచ్చినవాళ్ళ పిల్లల్ని కూడా చేర్చుకున్నాం. వాళ్ళలో హెలెన్ అని ఆరేళ్ళ పిల్ల. చేరినప్పటి నుంచి ఒక్క మాట లేదు. పేరు అడిగినా నేల చూస్తుంది. తండ్రి ఏసోబును "వాళ్ళమ్మ ఏదయ్యా?" అని అడిగితే "వేరే ఊళ్ళో పనికెళ్ళిందండి" అన్నాడు. నాయనమ్మ కొండమ్మనడిగితే "పుట్టింటికి పోయింది" అని మొహం తిప్పుకుంది.

నిన్న ట్యాబులో హెలెన్ గొంతు దొరికింది. గుసగుసగా ఆవు, ఇల్లు, ఈగ అన్నీ చెప్పింది. మొట్టమొదటి మాట మాత్రం చెప్పలేదు. అ అంటే అమ్మ. ఆ బొమ్మ దగ్గర ఏదో గొణిగింది. అందులో ఒక్క మాటే నాకు తెలిసింది: "చచ్చిపోద్ది."

ఆ మాట నన్ను వదలడం లేదమ్మా.

నీ గీత


చీరాల,
ఫిబ్రవరి 9

బంగారు గీతకు అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిల్లలు ఊరికే అంటారే అలా. కుక్కపిల్ల చచ్చిపోద్ది, దోమ చచ్చిపోద్ది, అన్నీ చచ్చిపోతాయి వాళ్ళకి. అలా అనుకుని ఉత్తరం మడిచి పెట్టేశాను.

తర్వాత నిద్ర పట్టలేదు. తండ్రి ఒకటి చెప్పాడు, నాయనమ్మ ఇంకొకటి చెప్పింది అన్నావే, అక్కడ ఆగిపోయింది నా మనసు. మా షెడ్డులో నా పక్క మగ్గం మీద నాగరత్నం అని ఉండేది, నువ్వు అప్పటికి పుట్టలేదు. ఒక వారం పనికి రాలేదు. మొగుడు జ్వరమన్నాడు. అత్త ఊరెళ్ళిందంది. ఆ తర్వాత నాగరత్నాన్ని మాలో ఎవరూ చూడలేదు.

నిన్ను భయపెట్టాలని కాదు. ఆ పిల్ల ఏమందో మళ్ళీ సరిగ్గా విను. నాకైతే వినే రాత లేదు, నీకుంది. రాత్రిళ్ళు తలుపు గడియ చూసుకో.

మీ అమ్మ


పర్చూరు దగ్గర,
ఫిబ్రవరి 15

ప్రియమైన అమ్మకు,

విన్నాను. తరగతి తలుపులు మూసి, సౌండు మొత్తం పెంచి విన్నాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

చిలుక "అమ్మ. చెప్పు, అమ్మ" అంటుంది.

"నేను పిలవను" అంటుంది హెలెన్.

"మళ్ళీ చెప్పు."

"పిలవను. పిలిస్తే చచ్చిపోద్ది."

"మళ్ళీ చెప్పు."

"అమ్మ పడిపోయింది. కళ్ళు మూతలు పడిపోయినయ్. నోట్లో నురగొచ్చింది. నాన్న బుజానేసుకుని ఎల్లిపోయాడు. నాయనమ్మ నోరుమూసుకోమంది."

"మళ్ళీ చెప్పు."

ఆ తర్వాత ఊపిరి చప్పుడే. చిలుక మాత్రం అదే హుషారు గొంతుతో మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అంటూనే ఉంది. చివరికి నేనే ట్యాబు ఆపేశాను.

ఇది జరిగిన మర్నాడే ఏసోబు బడికి వచ్చాడు. బండి వెనక ఒక మూట. మూటలోంచి ఆడవాళ్ళ చీర చెంగు బయటికి కనిపిస్తోంది. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, పాప ఏవన్నా మాట్లాడిందా?"

"లేదే" అన్నాను.

"ఒక్క మాటన్నా? ఏవీ అన్లేదా మీతో?" అంటూ గుమ్మం దాటి లోపలికి అడుగు వేశాడు.

లేదు, లేదు అన్నాను. అతను కాసేపు హెలెన్‌ని చూసి, బండెక్కి వెళ్ళిపోయాడు. రోజూ పొద్దుగూకే వేళకి ఎటో పోయి తెల్లారి వస్తాడట. అతని భార్యను ఈ ఊళ్ళో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

మా హెడ్మాస్టారు పిచ్చయ్యగారికి చెప్పాను. "వలస కూలీల సంగతి మనకెందుకమ్మా, కోతలైపోతే వాళ్ళే పోతారు" అన్నారు. అదే కదా నా భయం! పోతే ఆ పిల్ల కూడా అతనితోనే పోతుంది. ట్యాబులో గొంతు నిలవుంటుందని అతనికి ఎవరైనా చెబితేనో? తలుపు చప్పుడైతే చాలు, లేచి గడియ చూసుకుంటున్నాను. ఏం చెయ్యనమ్మా?

నీ గీత


చీరాల,
ఫిబ్రవరి 19

గీతా,

ఉత్తరం ఇప్పుడే అందింది. పక్కింటి హయాత్ చేత నీకు ఫోను చేయించాను. ఎత్తలేదు. మళ్ళీ చేయించాను, ఎత్తలేదు.

పోలీసు స్టేషనుకి వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళకు, ఆ పిచ్చయ్యగారిని బతిమాలి అయినా తీసుకెళ్ళు. ముందు పిల్లని కాపాడాలి. మనం అనుకున్నది తప్పే అయితే ఆ మనిషికి క్షమాపణ చెప్పుకోవచ్చు. పిల్లకేమన్నా అయితే ఎవరికి చెప్పుకుంటాం?

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. నువ్వు నాకొక్కదానివే.

అమ్మ


పర్చూరు దగ్గర,
ఫిబ్రవరి 27

ప్రియమైన అమ్మకు,

మర్నాడు హయాత్‌తో చెప్పించినట్టే, క్షేమంగా ఉన్నాను. నీ జవాబు వచ్చేదాకా ఆగలేక నేనే పోలీసు స్టేషన్‌కి వెళ్ళాను. నువ్వు ఫోను చేయించినప్పుడు అక్కడే ఉన్నాను, ఎత్తే స్థితిలో లేను.

సాయంత్రం బండి ఎక్కబోతున్న ఏసోబుని తీసుకొచ్చారు. ఎస్సైగారు మూట విప్పించారు. ఉతికిన చీర, దువ్వెన, కొబ్బరినూనె సీసా.

"నీ పెళ్ళాం ఏదిరా?"

"గుంటూరు పెద్దాసుపత్రిలో ఉందయ్యా. కట్లపాము కరిచింది. లోపలికి పంపే టైమైపోద్దండి, నన్నొదిలిపెట్టండి" అని చేతులు జోడించాడు.

ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఆసుపత్రి వాళ్ళకి ఫోన్లు కలిసి, నిజమేనని తేలేసరికి బాగా పొద్దుపోయింది.

జరిగింది ఇదీ. ఇంతకుముందు వాళ్ళు కోతలకు వెళ్ళిన ఊళ్ళో, దీపాలు పెట్టే వేళ, పాకలో హెలెన్ దాహమేసి "అమ్మా, నీళ్ళు!" అని పిలిచింది. తల్లి దీనమ్మ కుండ దగ్గరికి వెళ్తూ చీకట్లో పామును తొక్కింది. కాసేపటికి కళ్ళ ముందే కోడలు పడిపోతుంటే కొండమ్మ గుండెలు బాదుకుంటూ "నువ్వు పిలవబట్టేనే! ఇంక నోరుమూసుకో!" అని పిల్లని కసిరింది. అంతే. ఆ పూట నుంచి హెలెన్ నోరు పడిపోయింది.

దీనమ్మకు ఊపిరి మిషన్ పెట్టారు, గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం వేశారు. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. గుంటూరుకి దగ్గరని ఏసోబు ఈ ఊరి కోతలకి మారాడు. "పైకి చెబితే ఎక్కడ నిజమైపోద్దోనని నోరు రాలేదు మేడమ్" అన్నాడు. బడికొచ్చి నన్ను అడిగింది కూడా అందుకే. కూతురు ఒక్క మాటన్నా మాట్లాడిందేమోనని ఆశ.

నేను భయపడ్డ ప్రశ్న అదమ్మా.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ సాయంత్రమే దీనమ్మ మొదటిసారి తెలివిగా కళ్ళు తెరిచిందట. వార్డు తలుపు వైపే చూస్తూ ఉందట. అప్పుడు ఏసోబు స్టేషన్ బెంచీ మీద ఉన్నాడు. నా మూలాన. మర్నాడు అతను బడికి వస్తే, ఎదుట నిలబడి క్షమాపణ చెప్పబోయాను. అతను వినలేదు. "పాప గొంతు ఆ ట్యాబులో ఉందన్నారే, వినిపిస్తారా?" అని అడిగాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, పిల్లల చిన్న బెంచీ మీద ముడుచుకుని కూర్చుని విన్నాడు. "పిలిస్తే చచ్చిపోద్ది" దగ్గర కాబోలు, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

నిన్న బడి వదిలాక హెలెన్‌నీ కొండమ్మనీ ఉంచేశాను. ఏసోబు వార్డులోంచి వీడియో కాల్ చేశాడు. స్మార్ట్ టీవీకి కలిపాను. గోడంతా దీనమ్మ మొహం. చిక్కిపోయింది, గొంతులో గొట్టం. హెలెన్ నా వెనక దాక్కుని చీర కుచ్చిళ్ళు గుప్పెట పట్టుకుంది.

"పిలవ్వే తల్లీ, ఏం కాదు. అమ్మే పిలవమంటంది" అన్నాడు ఏసోబు. దీనమ్మకు మాట రాదు కదా, పెదాలు కదిపి చెయ్యి ఊపింది. హెలెన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. కొండమ్మ నేల మీద కూలబడి "పాము కరిచిందే, నీ పిలుపు కాదే. నాదే పాడు నోరు" అని ఏడ్చింది. అయినా పిల్ల కదల్లేదు. నిజం చెబుతున్నాను, నాకూ భయమేసింది. ఇప్పుడు పిలిచాక అక్కడ ఏదన్నా అయితే ఈ జన్మకి ఆ పిల్ల నోరు తెరుస్తుందా?

అంతలో సిగ్నల్ పోయింది. దీనమ్మ రెప్ప వాల్చిన క్షణంలో బొమ్మ బిగుసుకుపోయింది. కళ్ళు మూసుకుని, నోరు సగం తెరుచుకుని, కదలకుండా గోడ మీద అంత పెద్ద మొహం. శబ్దం లేదు. కొండమ్మ ఏడుపు కూడా ఆగిపోయింది. నేను రిమోట్ కోసం తడుముకుంటున్నాను.

"అమ్మా!"

ఆ కేకకి కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. హెలెన్ నా చీర వదిలేసి టీవీ దగ్గరికి పరుగెత్తి, రెండు అరచేతులతో తెరను కొడుతూ "అమ్మా! అమ్మా!" అని అరుస్తోంది.

బొమ్మ కదిలింది. దీనమ్మ కళ్ళు తెరిచింది.

హెలెన్ గబుక్కున నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. అమ్మ పడిపోలేదు. చెయ్యి ఎత్తి ఇటు రమ్మంటోంది. పిల్ల చాలాసేపు అలాగే చూసింది. తర్వాత చాలా చిన్నగా, మళ్ళీ "అమ్మా" అంది. అని, ఏమవుతుందోనని మళ్ళీ చూసింది.

నీ గీత