పెద్ద కుంచం, కొత్త ముద్ర

లింజీ పట్నం తూర్పు గోడ పక్క వీధిలో ఉంటున్న గువాన్ షెంగ్ భార్య చున్‌యు మెయ్ అనే నేను, ఇరవై ఏళ్ల దాన్ని, ఒంట్లో జబ్బు లేకుండా, మతి చెదరకుండా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వెదురు బద్దల మీద స్వయంగా రాస్తున్నాను. నాన్న నేర్పిన అక్షరాలు కొద్దివే. తప్పులుంటే మన్నించాలి.

1. ఆరు రాజ్యాలూ చక్రవర్తి కింద ఒక్కటయ్యాక పాత కొలతలన్నీ కచేరీలో అప్పగించమన్నారు. చక్రవర్తి ముద్ర ఉన్న కుంచమే వాడాలి. మా అమ్మ ఇచ్చిన పెద్ద కుంచాన్ని నేను కొర్రల జాడీ అడుగున దాచాను. అది ఈ పొద్దుటి దాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. తప్పు నా ఒక్కదానిదే.

2. ఇచ్చేటప్పుడు పెద్ద కుంచంతో కొలవడం మా పుట్టింటి ఆచారం. ఎదురింటి తావ్ పిన్ని కొర్రలకు వస్తే అలవాటు కొద్దీ దానితోనే కొలిచి పోశాను. మర్నాడు బావి దగ్గర ఆవిడ అందరి ముందూ, "ఏమే మెయ్, మీ కుంచానికి నెలలు నిండాయా ఏమిటి, అంత కడుపు!" అంది. అందరూ నవ్వారు. కచేరీ బంట్రోతు పెళ్లాం ఒక్కతే నవ్వలేదు. నేను కడవ ఎత్తుకుని వచ్చేశాను. పిన్ని మీద ఆ కోపం ఇంకా ఉంది.

3. ఆ చెక్క కుంచాన్ని పొయ్యిలో పెట్టాను. అది కాలింది గానీ బావి దగ్గరి మాట కాలదు. మా అయిదిళ్లూ ఒకే కట్టు, ఒకరి నేరానికి అందరూ పూచీ. తెలిసీ చెప్పనివాళ్ల నడుములు నరుకుతారు. ఇతరుల నేరం ముందే చెప్పినవాళ్లకు శిక్ష లేదు. భార్య నేరం భర్త చెబితే ఆమె సామానూ అతనికే దక్కుతుంది. ఎల్లుండి తనిఖీ. ఈ పొద్దున ఆయనకు అంతా చెప్పాను. "నిన్ను పట్టిచ్చి నేను కూడెలా తింటానే, పిచ్చిదానా!" అన్నారు.

4. నా మగ్గం, పట్టుపీచు కూరిన దుప్పటి ఆయనకు. మళ్లీ పెళ్లి చేసుకోవాలి.

5. మా పాప రుయ్‌కి నా దువ్వెన. ఒక పన్ను విరిగింది. ఆ వైపుతో దువ్వితే ఏడుస్తుంది.

6. తావ్ పిన్నికి ఆవిడే పెట్టి ఇచ్చిన ముల్లంగి ఊరగాయ జాడీ. ఉప్పు తగ్గించమని రెండేళ్లుగా చెప్పాలనుకుంటూ చెప్పలేకపోయాను.

7. పాపకు ముద్ర కుంచంతోనే కొలవడం నేర్పాలి. నా కుంచం ఊసు దాని దగ్గర ఎత్తకూడదు.

చక్రవర్తి ఏలుబడి ఇరవై ఏడో ఏడు, మూడో నెల, పదకొండో రోజు.

చేవ్రాలు: చున్‌యు మెయ్

సాక్షి: తావ్ పిన్ని, వేలిముద్ర.

సాక్షి: గువాన్ షెంగ్. ఇక్కడ చోటు వదిలాను. మీరు వేలిముద్ర వేసి, పిన్నిని వెంటబెట్టుకుని, ఈ కట్టను మీ చేత్తోనే కచేరీలో ఇవ్వండి. త్వరగా వెళ్లండి. బంట్రోతు పెళ్లాం ఇందాకే మన గుమ్మం దాటి కచేరీ వైపు నడిచింది.